ఊడ్పు

మా అమ్మ వేల్పూరు చేలల్లో చేసిన పనికీ
నేను తణుకులో, చెప్పుల షాపు మేడ మీద,
ఏసీ గదిలో చేసే పనికీ
మా వైపు మాట ఒక్కటే, ఊడ్పు.
ఊడితే చేసేది కాబట్టి ఊడ్పు అని డాక్టరుగారి జోకు.
పేషెంట్లు నవ్వరు, బోర్లా పడుకుని ఉంటారు.

ఈ వేళ బల్ల మీద కంతేటి వీరరాఘవులు గారు.
అత్తిలి సినిమా హాలుకి ఒకప్పటి మేనేజరు,
డెబ్బై ఒకటి నిండాయి.
ఈ వయసులో ఎందుకండీ అంటే
"కొత్తవి కాదమ్మా, పాతవి సర్దించుకుందామని."

తల కాదది, అడంగలు.
ఏ ఏడు ఏ పంట వేశారో రాసి ఉంది.

ముందు వరస ఎనభై నాలుగు, మద్రాసు.
పెన్సిలు మందం గొట్టంతో తవ్వి దిగ్గొట్టిన దుబ్బులు,
దుబ్బుకి ఇరవై వెంట్రుకలు, మధ్యలో నున్నటి గట్లు.
టిక్కెట్ల కిటికీ దగ్గర కుర్రాళ్ళు
"బ్రష్షు గారూ, రెండు బాల్కనీ" అనేవాళ్ళట.
ఆయనే చెప్పి ఆయనే నవ్వాడు.
సూది ఉంది, కదలొద్దని నేను గడ్డం పట్టుకున్నాను.

వెనక, ఈ చెవి నుంచి ఆ చెవికి,
తొంభై తొమ్మిది, హైదరాబాదు.
పట్టీలా కోసి, భూతద్దాల కింద కూర్చుని
కుదురుకి కుదురు విడదీసి నాటారు.
ముందు బాగానే వచ్చింది.
వెనక పంటబోదె తవ్వినట్టు మచ్చ.
సెలూన్ గవర్రాజు కత్తెర
పాతికేళ్ళుగా అక్కడికొచ్చి ఆగిపోతోందట.

ఇప్పుడు నా చేతిలో గొట్టం మిల్లీమీటరు లేదు.
మొక్కకో కన్నం. ఒకటి, రెండు, మహా అయితే మూడు పోగులు.
వేరు నలిగిందా, పోయినట్టే.
తడారిందా, అంతే.
పాత దుబ్బుల్ని పీకి, విప్పి,
పుట్టుకలో ఎటు వాలాయో అటే వాల్చి గుచ్చుతున్నాను.

వీటన్నిటికన్నా ముందు, జపానులో,
కాలిన చర్మం మీద ఎవరో డాక్టరు వెంట్రుకలు నాటాడట.
ఈలోగా యుద్ధం వచ్చిపడి
ఆ కాగితాలు చాన్నాళ్ళు ఎవరూ తిప్పలేదట.
గొట్టాలు సన్నబడ్డాయి, మచ్చలు చిన్నవయ్యాయి.
వెనక జుట్టు ముందు నాటినా
వెనక గుణమే, అంత తేలిగ్గా రాలదు.
అదొక్కటి మారలేదు.
ఇంకొకటి కూడా. నారుమడి మళ్ళీ మొలవదు.
తీసినంత మేరా ఖాళీయే.
వీరరాఘవులు గారికి మిగిలినవి ఎనిమిది వందలు.
లెక్కపెట్టి చెప్పాను. ఆయన "చాల్లే" అన్నాడు.

రాత్రి అన్నం దగ్గర అమ్మ అంది:
"మేమూ అంతేనే, గుప్పెడేసి గుచ్చేవోళ్ళం.
తర్వాత తాడు పట్టమన్నారు.
తర్వాత ఆఫీసరొచ్చి ఒంటి మొక్క పెట్టమంటే
ఒళ్ళు విరగబడి నవ్వాం.
అది దుబ్బు కట్టింది, నోరు మూసుకున్నాం.
ఇప్పుడు మిషనొచ్చింది, మేమే లేం."
హైదరాబాదులో మరచెయ్యి వచ్చిందని,
దానికి వణుకుండదని,
నేను చెప్పలేదు.

"మొక్కకెంతే?"
"వాళ్ళు తీసుకునేది ముప్పై."
అమ్మ ఎకరానికి ఎన్ని కుదుళ్ళో వేళ్ళు మడిచి,
మధ్యలో మానేసి, చెయ్యి కడుక్కుంది.
వంగినప్పుడు నడినెత్తిన, నారుకట్టలు మోసిన చోట,
రూపాయి బిళ్ళంత పలచన.
కళ్ళు వాటంతటవే లెక్కేశాయి:
నూట ఎనభై మొక్కలు.

మూడోవారం ఫోను.
"అన్నీ ఊడిపోతున్నాయమ్మా! దిండు నిండా అవే!"
వేరు లోపలే ఉందండీ, నాలుగో నెల్లో వస్తాయండీ,
అంటూనే ఉన్నాను,
అమ్మ ఫోను లాక్కుంది.
"ఊడ్చిన చేను ముందు ఎర్రబడుద్దండీ.
చచ్చిందనుకుని ఎవరైనా దున్నేత్తారా?
దాళ్వా కోతలదాకా ఆగండి."

ఆయనేమన్నాడో నాకు వినపడలేదు.
అమ్మ ఫోను తిరిగిచ్చి, కొంగుతో చెవి తుడుచుకుని,
"అత్తిలి హాలు రాఘవులు గారా?
నేల టిక్కెట్టుకి పావలా తక్కువైతే
పోనీమ్మా, వెళ్ళు, అన్నాడే ఒకసారి" అంది.